కబురు అందిందా?



ఈ నెల మీతో ఒక తప్పును గురించి చెప్పుకోవాలని కూర్చున్నాను. అది మరెవరిదో కాదు, నాదే. దానిని పదునాలుగు సంవత్సరములు మనస్సులో దాచుకొని తిరిగాను. చివరకు నా నోటితో నేను ఒప్పుకొనేటట్లు చేసినది ఒక ప్రసంగము కాదు, ఉజ్జీవ కూడిక కాదు. మా సంఘములోని ఒక కుర్రవాడు తన ఉద్యోగము ఏమిటో చెప్పడానికి పాత క్యాలెండరు కాగితము వెనుక గీసిన బొమ్మ. అందుచేత ఆ తప్పును, ఆ బొమ్మను రెండిటినీ మీ ముందు ఉంచుతున్నాను.

అది 2009వ సంవత్సరము. వేదాంత పాఠశాలలో డిప్లొమా ముగించుకొని నేను, నా భార్య ఈ గ్రామమునకు వచ్చి రెండేళ్ళు కాలేదు. పేటలో చాలామందికి అప్పటికి ఫోను లేదు. ఎవరికి ఉద్యోగపు కబురు రావలసినా, ఆసుపత్రి కబురు రావలసినా, "అయ్యగారి నంబరు ఇవ్వండి" అనేవారు. అది నాకు కొంచెము గర్వముగా కూడా ఉండేది.

పేట చివరి ఇంటిలో ఒక వృద్ధ సహోదరి ఉండేది. ఊరందరికీ ఆమె పెద్దమ్మ. ఎండనక వాననక మిరప కోతలకు వెళ్ళే మనిషి, నెలకు పైగా దగ్గుతో మంచము పట్టినది. ఆమెను, ఆమె కూతురిని బస్సు ఎక్కించుకొని పట్టణములోని ఒక ఆసుపత్రికి తీసుకొని వెళ్ళాను. కళ్ళె పరీక్షకు ఇచ్చాము. చీటీ మీద ఫోను నంబరు రాసే గడిలో నా నంబరు రాయించాను.

ఒక శనివారము సాయంకాలము ఫోను మోగినది. మరునాడు ఆరాధన, సోమవారము సంఘములో పెండ్లి. నా చేతిలో శుభలేఖల కట్ట ఉన్నది. అవతల నర్సు గారు. "పెద్దావిడ రిపోర్టు వచ్చిందండీ. టీ.బీ. అని తేలింది. సోమవారమే తీసుకురండి, మందులు మొదలుపెట్టాలి. ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్ళనూ తీసుకురండి" అన్నది. నేను ఒక శుభలేఖ వెనుక ఆ మాట రాసుకొని, "సరే సిస్టర్, చెప్తాను" అన్నాను. ఆమె నిశ్చింతగా ఫోను పెట్టేసినది. ఆ శుభలేఖను డైరీలో పెట్టాను.

పదకొండు రోజులు అది అక్కడే ఉన్నది.

పెండ్లి అయినది. మరునాడే కాపరుల సదస్సుకు వెళ్ళవలసి వచ్చినది. బస్సు కోసము నిలబడి ఉండగా పెద్దమ్మ కూతురు ఎదురుపడి, "ఆసుపత్రి నుంచి ఏమన్నా కబురు వచ్చిందా అయ్యగారూ?" అని అడిగినది. నేను అబద్ధమాడాలని ఆడలేదు. నిజముగానే మరచిపోయి, "ఇంకా రాలేదమ్మా" అన్నాను.

మరొకరి నంబరు కోసము డైరీ తిరగేస్తుంటే ఆ శుభలేఖ జారి నేలమీద పడినది. దానిమీద నా చేతిరాత చూచి నా ఒళ్ళు చల్లబడినది. తెల్లవారుజామున బస్సుకే వాళ్ళను తీసుకొని వెళ్ళాను. నర్సు గారు నన్ను చూచి, "ఆ రోజే చెప్పాను కదండీ" అని మెల్లగా అన్నది. నేను తల వంచుకొన్నాను. ఆ మాట పెద్దమ్మ కూతురికి వినబడలేదు. తిరుగు ప్రయాణములో ఆమె రిపోర్టు మీది తేదీ చూచుకొని, "చూశారా అయ్యగారూ, పేదోళ్ళంటే వీళ్ళకు ఎంత లోకువో! రిపోర్టు దగ్గర పెట్టుకొని ఇన్ని రోజులు చెప్పలేదు. ఆ సిస్టరుకు పిల్లలు లేరా?" అన్నది.

నేను కిటికీలోనుండి పొలముల వైపు చూస్తూ కూర్చున్నాను.

ఆ ఇంటిలో నాలుగేళ్ళ మనుమరాలు ఉండేది. రోజూ అమ్మమ్మ ప్రక్కనే పడుకొనేది. రెండు నెలల తరువాత ఆ బిడ్డకు జ్వరము, మెడమీద బిళ్ళలు. ఆమెకు కూడా ఆరు నెలలు మందులు వాడవలసి వచ్చినది. ఎప్పుడు సోకిందో చెప్పలేమన్నారు డాక్టరు గారు. ఆ పదకొండు రోజులే కారణమని ఆయన అనలేదు, కాదని కూడా అనలేదు. దేవుని దయవలన ఇద్దరూ బాగుపడ్డారు. పెద్దమ్మ 2017లో వయస్సు నిండి ప్రభువునందు నిద్రించినది. ఆమె సమాధి కార్యక్రమము నేనే జరిపించాను. అప్పుడు కూడా నోరు తెరవలేదు.

ఇక ఆ బొమ్మ సంగతి.

2023లో క్రిస్మస్ సెలవులకు మా సంఘ పెద్ద గారి రెండవ కుమారుడు హైదరాబాదు నుండి వచ్చాడు. కంప్యూటరు ఉద్యోగము అని తెలుసుగాని ఏమి పని చేస్తాడో వాళ్ళ నాన్నకే సరిగా తెలియదు. మా ఇంటికి వచ్చినప్పుడు అడిగాను.

"నువ్వు చేసే పని ఏమిటి నాయనా?"

"ఆసుపత్రి కబుర్లు మోసే పని అయ్యగారూ" అని నవ్వాడు. అతని కంపెనీ అమెరికాలోని ఆసుపత్రులకు పని చేస్తుందట. నాకు అర్థము కాలేదని గ్రహించి, గోడకున్న పాత క్యాలెండరులో నవంబరు కాగితము చించి, దాని వెనుక గీయడము మొదలుపెట్టాడు.

పెద్ద ఆసుపత్రిలో ఎన్నో కంప్యూటర్లు ఉంటాయట. రోగిని చేర్చుకొనే చోట ఒకటి, రక్తపరీక్షల గదిలో ఒకటి, ఎక్స్‌రే గదిలో ఒకటి, మందులు ఇచ్చే చోట ఒకటి. ఒక్కొక్కటి ఒక్కొక్క కంపెనీ తయారుచేసినది. ఒకదాని మాట మరొకదానికి తెలియదు. ఈ చిక్కు తీర్చడానికి 1987లో అమెరికాలో ఒక సంస్థ ఏర్పడి, ఆసుపత్రి కబురు ఎలా రాయాలో ఒక పద్ధతి నిర్ణయించినది. దాని పేరు హెల్త్ లెవెల్ సెవెన్. పొట్టిగా హెచ్.ఎల్. సెవెన్ అంటారు. కంప్యూటర్లు మాట్లాడుకొనే ఏర్పాటును ఏడు అంతస్తులుగా లెక్కిస్తే, అన్నిటికంటే పైనున్న ఏడవ అంతస్తుకు సంబంధించినది గనుక ఆ పేరు వచ్చినది.

ఆ కబురు చూడడానికి ఏమంత గొప్పగా ఉండదు. కొన్ని వరుసల రాత. ప్రతి వరుస మొదట మూడు అక్షరముల గుర్తు, మాటకూ మాటకూ మధ్య ఒక నిలువు గీత. ఎమ్.ఎస్.హెచ్. అనే మొదటి వరుస మన ఉత్తరము మీది చిరునామా వంటిది. ఎవరు పంపారు, ఎవరికి, ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఇది ఏ రకపు కబురు, దీని వరుస సంఖ్య ఏమిటి అన్నవి అందులో ఉంటాయి. పి.ఐ.డి. అనే వరుసలో రోగి వివరములు: ఆసుపత్రి ఇచ్చిన సంఖ్య, పేరు, పుట్టిన తేదీ. ఓ.బి.ఎక్స్. అనే వరుసలో పరీక్ష ఫలితము: ఏ పరీక్ష, ఎంత వచ్చినది, మామూలుగా ఎంత ఉండాలి. కబురు రకములకు కూడా గుర్తులు ఉన్నవి. ఏ-01 అంటే రోగి ఆసుపత్రిలో చేరాడు. ఏ-03 అంటే ఇంటికి పంపారు. ఏ-08 అంటే వివరములు మారినవి.

ఈ కబుర్లన్నీ ఆసుపత్రి గోడల మధ్యనే తిరుగుతూ ఉంటే ప్రయోజనము కొంతే. అందుచేత వాటిని దూరములో ఉన్న ఒక పెద్ద భద్రశాలకు, అంటే సర్వరుకు పంపుతారు. ఆసుపత్రిలోని ఒక కంప్యూటరులో అడాప్టరు అనే చిన్న కార్యక్రమము రాత్రింబగళ్ళు తలుపు దగ్గర కావలివాడివలె కూర్చొని ఉంటుంది. కబురు రాగానే అందుకొని, ఇంటర్నెట్టు మీదుగా సర్వరుకు పంపుతుంది. సర్వరు ఆ కబురును ఉన్నది ఉన్నట్లు దాచి, అవసరమైతే ముక్కలుగా విడదీసి, రోగికి ఒక కార్డు, ఆసుపత్రి రాకకు ఒక కార్డు, పరీక్షకు ఒక కార్డు చొప్పున సర్దిపెడుతుంది. ఈ కార్డుల పద్ధతి పేరు ఫైర్. "నిప్పు కాదు అయ్యగారూ, పేరే అంత!" అన్నాడు.

ఇది అమెరికా సంగతి మాత్రమే కాదు. మన దేశములో 2021 సెప్టెంబరు 27న దేశమంతటా ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కూడా ఆరోగ్య రికార్డులు ఇచ్చిపుచ్చుకోవడానికి ఈ ఫైర్ పద్ధతినే తీసుకొన్నది. ఆసుపత్రిలో ఆభా అని 14 అంకెల సంఖ్య ఇస్తున్నారే, అది దీనికి సంబంధించినదే. అది తీసుకోవడము మన ఇష్టము. మన రికార్డును మరొక ఆసుపత్రి చూడాలంటే మన అనుమతి ఉండాలి. చదువరులు ఈ సంగతి గుర్తుంచుకొనుట మంచిది.

ఇంతవరకు నేను ఆసక్తితో విన్నాను. తరువాత అతడు బొమ్మలో ఒక బాణము వెనుకకు గీశాడు.

"ఇదేమిటి? కబురు ముందుకు కదా పోవాలి?"

"ఇది జవాబు అయ్యగారూ. కబురు అందుకొన్నవాడు 'అందింది' అని వెనుకకు చెప్పాలి. ఎన్నో నంబరు కబురు అందిందో ఆ నంబరు కూడా చెప్పాలి. ఆ జవాబు వచ్చేదాకా పంపినవాడు ఆ కబురును తన దగ్గరే ఉంచుకొంటాడు. జవాబు రాకపోతే మళ్ళీ పంపుతాడు. అలా ఒకే కబురు రెండుసార్లు వెళ్ళినా, నంబరు ఒకటే గనుక అవతలివాడు గుర్తుపట్టవచ్చు."

"మంచి ఏర్పాటే" అన్నాను.

"కాని మా పనిలో అతి పెద్ద ప్రమాదము ఇక్కడే ఉన్నది" అని అడాప్టరు చుట్టూ పెన్సిలుతో గుండ్రముగా గీశాడు. "ఈ మధ్యవాడు కబురు తన చేతికి రాగానే తొందరపడి 'అందింది' అని చెప్పేశాడనుకోండి. ఆ క్షణమే కరెంటు పోయినా, ఇంటర్నెట్టు తెగినా, అవతల సర్వరుకు ఆ కబురు చేరదు. పంపినవాడేమో జవాబు వచ్చింది గదా అని నిశ్చింతగా దానిని తన వరుసలోనుండి తీసేస్తాడు. ఇక ఆ కబురు ఎవరి దగ్గరా లేదు. పోయినట్లు కూడా ఎవరికీ తెలియదు. ఆ రిపోర్టు కోసము కనిపెట్టుకొని ఉన్న డాక్టరు ఇంకా రాలేదనుకొంటాడు. అందుకే సర్వరులో భద్రమైనదని రూఢి అయిన తరువాతనే మధ్యవాడు వెనుకకు 'అందింది' అనాలి. అంతకుముందు అనకూడదు. ఒకవేళ అనవలసి వస్తే, తాను ఆ కబురును కరెంటు పోయినా చెరగని చోట రాసి పెట్టుకొని, చేరేదాకా బాధ్యత వహించాలి."

ఆ పద్ధతిలో రెండు రకముల జవాబులు ఉన్నవట. 'నీ కబురు నా దగ్గర భద్రముగా ఉన్నది' అన్నది ఒకటి. 'కబురు చదివాను, దానిలోని పని చేశాను' అన్నది మరొకటి. ఈ రెండిటినీ ఒకటిగా అనుకోవడము వలననే నష్టము జరుగుతుందన్నాడు.

ఆ కుర్రవాడు మామూలుగానే చెప్పుకొంటూ పోతున్నాడు. నాకు మాత్రము చెవులలో ఒక పాత ఫోను మోగుతున్నది. "సరే సిస్టర్, చెప్తాను." నేను ఆ మాట అన్నాను గనుకనే ఆమె మళ్ళీ ఫోను చేయలేదు. నేను ఫోను ఎత్తకపోయి ఉంటే మరునాడు మళ్ళీ చేసి ఉండేదేమో. చేతికి రావడమునే చేరడము అనుకొన్నాను. "ఇంకా రాలేదమ్మా" అని పెద్దమ్మ కూతురితో అన్ననాడు ఆ కబురు ఎవరి దగ్గరా లేదు. నా డైరీలో ఒక శుభలేఖ వెనుక మాత్రము ఉన్నది.

అతడు చెప్పిన మరి రెండు సంగతులు మన కుటుంబములకు పనికివచ్చేవి గనుక రాస్తున్నాను.

మొదటిది పేరు. కబురు చేరితే చాలదు, సరియైన మనిషి పేరున చేరాలి. ఒకే మనిషి రెండు పేర్లతో నమోదైతే సగము రిపోర్టులు ఒక చోట, సగము మరొక చోట పడతాయి. వాటిని కలపడానికి ఏ-40 అని ప్రత్యేకమైన కబురు ఉన్నదట. ఇది వినగానే మా సంఘపు రిజిస్టరు నాకు జ్ఞాపకము వచ్చినది. మరియమ్మలు ఎందరో! చాలామందికి బాప్తిస్మపు పేరు ఒకటి, రేషను కార్డులో పేరు మరొకటి, ఇంటిలో పిలిచే పేరు ఇంకొకటి. పెద్దవాళ్ళకు పుట్టిన తేదీ తెలియదు, కార్డులో జనవరి 1 అని ఉంటుంది. పేరూ అదే, తేదీ కూడా అదే అయితే కంప్యూటరు ఏమి చేయగలదు? కాబట్టి ఆసుపత్రిలో ప్రతిసారి ఒకే పేరు, కార్డులో ఉన్న పేరే చెప్పించండి. ఆసుపత్రివారు ఇచ్చిన సంఖ్యగల చీటీని పారవేయక ఒక కవరులో దాచండి. ఫోను నంబరు మారితే చెప్పండి.

రెండవది మరుగు. ఈ కబుర్లను మోసే పాత పద్ధతి ఒకే ఆవరణలోని కంప్యూటర్ల కోసము ఏర్పడినది. దానికి స్వంతముగా తాళము లేదు. కవరు లేని పోస్టుకార్డు వంటిది. దానిని అలాగే ఇంటర్నెట్టు మీద పంపితే దారిలో ఎవరైనా చదవవచ్చు. అందుచేత దానిని తాళము వేసిన గొట్టములో పెట్టినట్లు సంకేత భాషలోనికి మార్చి పంపుతారు. ఇక్కడ కూడా నాకు గుచ్చుకొన్నది. కొన్నేళ్ళ క్రిందట ఒక సహోదరుని జబ్బు పేరు చెప్పి, ఆయనను అడగకుండానే, ఆదివారము ప్రార్థన మనవులలో అందరి ఎదుట చదివాను. మంచి ఉద్దేశముతోనే చదివాను. ఆ కుటుంబము తరువాత చాలాకాలము గుడికి రాలేదు. ఒకరి రోగమును గురించిన కబురు మన చేతికి వచ్చినంత మాత్రాన అది మనది కాదు. ఇప్పుడు ముందుగా అడుగుతాను. వద్దంటే పేరు లేకుండా, జబ్బు లేకుండా ప్రార్థిస్తాను.

వెళ్ళబోతూ ఆ కుర్రవాడు మరొక మాట చెప్పాడు. సర్వరుకు అర్థము కాక నిలిచిపోయిన కబుర్లను పారవేయరట, ఒక ప్రక్క పెట్టెలో ఉంచుతారట. "ప్రతి ఉదయము ఆ పెట్టె తెరచి చూడడమే నా మొదటి పని అయ్యగారూ. దానిలో ఉన్న ఒక్కొక్క కబురు వెనుక ఒక్కొక్క మనిషి ఉంటాడు గదా."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా పెట్టెలో ఒక కబురు పదునాలుగు సంవత్సరములనుండి ఉన్నది.

పండుగ అయిన మూడవ రోజున నా భార్యను తీసుకొని పేట చివరి ఇంటికి వెళ్ళాను. పెద్దమ్మ కూతురు మంచము వాల్చినది. ఆ రోజు మెడమీద బిళ్ళలతో ఏడ్చిన బిడ్డ ఇప్పుడు పద్దెనిమిదేళ్ళది, గుమ్మములో కూర్చొని చదువుకొంటున్నది. నేను ఉపోద్ఘాతము లేకుండా చెప్పాను. శుభలేఖ సంగతి చెప్పాను. బస్సు దగ్గర అన్న మాట చెప్పాను. ఆ బస్సులో ఆమె నర్సును తిట్టినప్పుడు నేను కిటికీ వైపు తిరిగిన సంగతి కూడా చెప్పాను. "తప్పు ఆసుపత్రిది కాదమ్మా, నాది" అన్నాను.

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. నన్ను ఏమైనా అంటుందేమో అనుకొన్నాను. చివరకు, "అమ్మ చచ్చిపోయేదాకా ఆ సిస్టరును తిట్టుకొంటూనే ఉన్నది అయ్యగారూ. నేను కూడా ఎంతమందితో చెప్పానో! ఆ మాటలు ఇప్పుడెలా వెనక్కి తీసుకోవాలి?" అన్నది.

దానికి నా దగ్గర జవాబు లేదు. మరుసటి వారము పట్టణమునకు వెళ్ళి ఆసుపత్రిలో విచారించాను. ఆ నర్సు గారు ఎప్పుడో బదిలీ అయి వెళ్ళిపోయారని, ఎక్కడ ఉన్నారో తెలియదని చెప్పారు. పెద్దమ్మ లేదు, ఆమె కూడా దొరకలేదు. ఈ రెండు చోట్లకు నా కబురు ఇక అందదు. ఆలస్యము చేసిన కబురులో కొంత భాగము ఎప్పటికీ చేరదని తెలుసుకొన్నాను.

ఆనాటినుండి మా ఇంటిలో ఒక నోటు పుస్తకము పెట్టాను. కబురు ఎవరి నుండి, ఎవరికి, ఏ తేదీన వచ్చినది, నాలుగవ గడిలో 'అందింది' అని. ఆ గడి నేను నింపను. కబురు అందుకొన్నవారే సంతకమో వేలిముద్రో వేస్తారు. ఆ తరువాతనే ఆసుపత్రికి ఫోను చేసి, "చెప్పానండీ, రేపు వస్తున్నారు" అంటాను. అంతకుముందు "చెప్తాను" అని ఫోను పెట్టను. "నా దగ్గర రాసుకొన్నాను, చెప్పిన తరువాత మీకు ఫోను చేస్తాను" అంటాను. రోజూ ఉదయము ప్రార్థన ముగియగానే ఆ పుస్తకము తెరచి ఖాళీ గడులు చూస్తాను.

ఇప్పుడు ప్రతి ఇంటిలో ఫోను ఉన్నది, ఇక ఇటువంటి పుస్తకము ఎందుకని మీరు అనవచ్చు. అయినా నెలకు రెండు మూడు కబుర్లు వస్తూనే ఉన్నవి. చదువు రాని వృద్ధులు, నంబరు మారినవారు, కూలికి దూరపు ఊళ్ళకు వెళ్ళినవారు మన మధ్య ఉన్నంతకాలము ఎవరో ఒకరు మధ్యవాడుగా ఉండవలసినదే. మీలో ఆశా కార్యకర్తలు ఉన్నారు, ఉపాధ్యాయులు ఉన్నారు, ప్రక్కింటి రిపోర్టును చదివి చెప్పే కాలేజీ పిల్లలు ఉన్నారు. మీరందరూ ఈ పని చేసేవారే.

మొన్న పెద్దమ్మ మనుమరాలు మా ఇంటికి వచ్చినది. వాళ్ళ అమ్మకు చక్కెర పరీక్ష చేయించారట. "చీటీ మీద నా నంబరే రాయించాను అయ్యగారూ. అయినా మీ పుస్తకములో కూడా రాసుకోండి" అన్నది. రాసుకొన్నాను. నాలుగవ గడి ఇంకా ఖాళీగా ఉన్నది. రేపు ఉదయమే వెళ్ళి అడగాలి.